పక్క మంచం ఉంది

జూన్ 14, శుక్రవారం

బడి తెరిచారు. నలభై మంచాలకూ నలభై మంది వచ్చారు. నలభై ట్రంకుపెట్టెలూ పెట్టెల గదిలో చేరాయి. ఆ గది తలుపు తీయగానే కలరా ఉండల వాసన, కొత్త సబ్బుల వాసన, ఎవరో చేతులతో అదిమి అదిమి మడతపెట్టిన బట్టల వాసన ఒక్కసారిగా ముఖానికి తగిలి, ఏటా చేసినట్టే నన్ను ఎనిమిదేళ్ల పిల్లను చేసి నిలబెట్టాయి. ఆ వయసులో నాది తొమ్మిదో మంచం. కిటికీ పక్కది. తెల్లవారుజామున దోమతెర మీద చెట్టు నీడ ఈదుతూ ఉండేది. చదువుకుని, కాలేజీ దాటి, మళ్లీ ఇక్కడికే వచ్చి, ముప్పై తొమ్మిదేళ్లుగా ఈ హాలుకు వార్డెన్‌గా ఉన్నాను గానీ, ఆ నీడ తొమ్మిదో మంచం మీద ఇప్పటికీ ఈదుతూనే ఉంది. ఈ పొద్దున చూశాను.

ప్రిన్సిపాల్ పిలిపించింది. ఆమె ఒకప్పటి నా పదహారో మంచం. పక్క తడిపిన రోజుల నుంచీ ఎరుగుదును. "కొత్తగా చేర్పించే తల్లిదండ్రుల కోసం రెండు పేజీలు రాసిపెట్టండి మేడం. హాస్టల్ బడి అంటే ఏమిటి, పిల్లలు ఇక్కడ ఎలా ఉంటారు, అంతే" అంది. రాస్తానన్నాను.

ఆమె గొంతు ఈమధ్య బాగా తగ్గింది. పదవి వస్తే గొంతు తగ్గించడమే హుందాతనం అనుకుంటారు కాబోలు.

జూన్ 16, ఆదివారం

ఆ రెండు పేజీలకు చిత్తుప్రతి.

"అయిదున్నరకు లేపే గంట. ఆరింటికి పక్కలు సర్దుట. దుప్పటి మడత నాలుగు మూలలూ కలిసేట్టు ఉండవలెను. ఏడింటికి ఫలహారం. బట్టల మీద పేర్లు కుట్టరాదు, మంచం నంబరు మాత్రమే కుట్టవలెను. వారానికి ఒక ఉత్తరం. శనివారం సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు పెట్టెల గది తెరిచి ఉంటుంది."

చదివి చూసుకుంటే జైలు నిబంధనల్లా ఉంది. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా ఇక్కడి బతుకు ఇది కాదు.

హాజరు పిలుపు గురించి రాయాలి. అది మా బడికే ప్రత్యేకం. సాయంత్రం ఏడింటికి, భోజనానికి ముందు, ప్రతి పిల్లా తన మంచం పక్కన నిలబడుతుంది. నేను నంబరు పిలుస్తాను. ఆ నంబరు పిల్ల నోరు విప్పకూడదు. దానికి ముందు మంచం పిల్ల పక్కకు చూసి, "ఉంది" అనో "లేదు" అనో చెప్పాలి. "ఏడు" అని పిలిస్తే ఆరు పలుకుతుంది. ఆరు లేకపోతే ఏడుకు కూడా అయిదే పలుకుతుంది. చిట్టచివర "ఒకటి" అని పిలిస్తే నలభై పలుకుతుంది. చుట్టు పూర్తవుతుంది.

ఇది నేను పెట్టిన పద్ధతే. నేను చేరిన కొత్తలో అందరూ "ఉన్నాను మేడం" అనేవారు. ఎవరైనా కనబడకపోతే స్నేహితురాలు గొంతు మార్చి పలికేది. ఒకే గొంతులోంచి ముగ్గురు పలికిన సాయంత్రం నాకు జ్ఞానోదయమైంది. లేని మనిషి తాను లేనని చెప్పదు. పక్కనున్న మనిషే చెప్పాలి. చెప్పిన మాటకు పూచీ ఆ చెప్పిన పిల్లదే. ఆ రోజు నుంచి మా హాజరులో "ఉన్నాను" అనే మాట లేదు.

నా మంచం హాలు చివర, నలభయ్యో మంచం దాటాక ఉన్న చిన్న గదిలో ఉంటుంది. దానికి నంబరు లేదు. నా గురించి ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు. నేను కోరి తెచ్చుకున్న హాయి అది.

జూన్ 19, బుధవారం

గంట తాతకు చేతుల్లో బలం తగ్గింది. పొద్దున గంట కొట్టాడో లేదో కూడా తెలియడం లేదు. చెబితే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను.

జూన్ 24, సోమవారం

పొడిగింపు కాగితం వచ్చింది. నేను డెబ్బై ఒకటి దాటినదాన్ని కనుక ఏటా జూలై నెలాఖరులోగా యాజమాన్యం నన్ను ఇంకొక ఏడు పొడిగించాలి. ఈసారి కాగితానికి తోక తగిలించారు: వైద్య పరీక్ష. కళ్లు, చెవులు, రక్తపోటు. ఒక్కోదాని ఎదుట ఒక గడి.

"అందరికీ పెట్టారు మేడం, మీ ఒక్కరికే కాదు" అంది ప్రిన్సిపాల్. రెండుసార్లు అంది. మొదటిసారి ఆమె కిటికీ వైపు తిరిగి ఉంది. మనిషి ముఖం చూసి మాట్లాడటం కనీస మర్యాద. పదహారో మంచానికి ఆ మాత్రం నేర్పాననే అనుకున్నాను.

కాగితం సొరుగులో పెట్టాను. నెల రోజుల గడువుంది.

జూన్ 27, గురువారం

పిల్లలకు ఒక వింత అలవాటు పట్టుకుంది. నిరుడు మధ్యలో మొదలైనట్టుంది. హాజరులో "ఉంది" అనేటప్పుడు పక్క మంచం కమ్మీ మీద చెయ్యి వేస్తారు. "లేదు" అయితే చేతులు వెనక్కి కట్టుకుంటారు. ఏ సినిమాలో చూశారో. చూడ్డానికి మాత్రం బాగుంది. నలభై చేతులు ఒకదాని తర్వాత ఒకటి కమ్మీల మీద వాలుతుంటే పిట్టలు తీగ మీద వరసగా వచ్చి కూర్చున్నట్టుంటుంది. మానమని చెప్పలేదు.

జూన్ 30, ఆదివారం

చెల్లెలు ఫోను చేసింది. వాళ్ల ఊరి లైను అధ్వానం. మాటలు నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు వస్తాయి.

"ముందు గది ఖాళీ చేయించాను అక్కా. నువ్వు ఎప్పుడొచ్చినా సరే."

"ఒకళ్ల ఇంట్లో ముందు గదిలో ఉండటమంటే వీధి తలుపుకు కాపలా ఉండటమే" అన్నాను.

"అబ్బ, నీ నోటికి దండం" అంది. తర్వాత చెయ్యి ఎలా ఉందని అడిగింది. నా చేతికేమైంది? "చెయ్యి దివ్యంగా ఉంది, నిన్ననే పదిహేను కవర్ల మీద చిరునామాలు రాశాను" అన్నాను. అది చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వడం ఆపేసింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు, లేక లైను పోయింది.

జూలై 3, బుధవారం

ఇరవై మూడో మంచం కొత్త పిల్ల గురించి నాలుగు మాటలు. తొమ్మిదేళ్లు. తండ్రి వంతెనలు కట్టే పనిలో మేస్త్రీ. పని ఎక్కడుంటే సంసారం అక్కడ. ఇది నాలుగో బడట. పిల్లలు దీనికి "పిచ్చుక" అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది ఇరవై రెండు, అంటే "రేడియో". దానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో రాయనక్కరలేదు.

"మేడం, ఇది కలవరించినా గుసగుసగానే కలవరిస్తుంది" అంది రేడియో, పిచ్చుక భుజం మీద చెయ్యేసి. "నేను పక్కనే ఉండి వినలేకపోతున్నా."

పిచ్చుక నా ముఖంలోకి సూటిగా చూసి అడిగింది. "శనివారం ఇంకా ఎన్ని రోజులు మేడం?"

"మూడు. ఏం?"

"పెట్టెల గది తీస్తారుగా."

"పెట్టెలో ఏం మరిచిపోయావు?"

"మరిచిపోలేదు. మా అమ్మ కప్పుకునే దుప్పటి ఉంది. తీసుకోను. చూసి మళ్లీ పెట్టేస్తా."

నా పెట్టెలో మా నాన్న చేతిరుమాలు ఉండేది. దాన్ని నేనూ తీసుకునేదాన్ని కాదు. చూసి పెట్టేసేదాన్ని. ఈ సంగతి ఆ పిల్లకు చెప్పలేదు. వార్డెన్లకు పెట్టెలుండవు.

జూలై 8, సోమవారం

మూడు రోజులుగా ముసురు. వరండా రేకుల మీద వాన ఒకప్పుడు గులకరాళ్లు పోసినట్టు పడేది. ఈ ఏడు దూదిలా పడుతోంది. లోకం మెత్తబడింది. వంటింట్లో గిన్నెలు మెత్తగా, మెట్ల మీద పరుగులు మెత్తగా. పిల్లలు నా వెనకనుంచి పొగమంచులోంచి వచ్చినట్టు వస్తారు. ఉన్నట్టుండి పక్కన నిలబడి ఉంటారు. నాకిది బాగానే ఉంది. ఇన్నేళ్ల గోల తర్వాత ఎవరో నా చుట్టూ దోమతెర దించినట్టుంది.

మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు పట్టి కల వచ్చింది. హాలు నిండా నీళ్లు. నలభై మంచాలూ నలభై పడవలై తేలుతున్నాయి, దోమతెరలే తెరచాపలు. నేను గట్టున రిజిస్టరు పట్టుకుని నంబర్లు పిలుస్తున్నాను. ఒక్కొక్క పిల్లా నోరు తెరిచి ఏదో చెబుతోంది. ఆ చెప్పింది గాలిలో సబ్బునురగ బుడగై పైకి పోతోంది. నేను మాత్రం వరుసగా గుర్తులు పెట్టుకుంటూ పోతున్నాను. తొమ్మిదో పడవ ఖాళీగా వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది.

జూలై 13, శనివారం

ఈరోజు ఏమీ రాయను.

జూలై 14, ఆదివారం

నిన్నటి సంగతి ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోవాలి. రేపు అడిగితే తడుముకోకూడదు.

నాలుగింటికి పెట్టెల గది తెరిచాను. పిల్లలు వచ్చారు, వెళ్లారు. అయిదింటికి గుమ్మంలో నిలబడి "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను. ప్రతి శనివారం అడుగుతాను. జవాబు రాలేదు. తాళం వేశాను.

ఏడింటికి హాజరు పిలిచాను. "ఇరవై మూడు" అన్నాను. రేడియో జవాబు చెప్పింది. "ఉంది" అని గుర్తు పెట్టాను. రిజిస్టరులో ఆ గుర్తు ఇప్పటికీ ఉంది, ఎవరైనా చూడవచ్చు.

భోజనాల దగ్గర రేడియో కుంటుకుంటూ నా ముందుకు వచ్చింది. ఆటల్లో దాని చీలమండ మెలిక పడింది.

"మేడం, పిచ్చుక ఏది? అన్నానికి కూడా రాలేదు."

"హాజరులో ఉందన్నావుగా."

"లేదన్నాను మేడం."

"ఉందన్నావు."

"లేదు మేడం, లేదన్నాను. మీరు సరే అన్నట్టు తలూపి ఇరవై నాలుగు పిలిచారు. దానికీ నేనే ఉందన్నాను. మీకు తెలిసే ఉంటుంది, జ్వరాల గదిలో ఉందేమో అనుకున్నాం."

హాలంతా కంచాల్లోకి చూస్తూ కూర్చుంది. ఒక్కరూ నా వైపు చూడలేదు.

వంటావిడ పరుగెత్తుకొచ్చింది. పెట్టెల గది తలుపు లోపలినుంచి ఎవరో కొడుతున్నారంది. వెళ్లి తాళం తీశాను. పావుతక్కువ ఎనిమిది. పిల్ల వెనక వరస పెట్టెల మధ్య నుంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది, భుజాల మీద దుప్పటి, చెంప మీద దాని నేత గీతలు. కొట్టి కొట్టి అలిసిపోయి కాసేపు నిద్ర కూడా పోయిందట. నన్ను చూసి ముందు నవ్వింది. ఆ తర్వాతే ఏడ్చింది.

రెండుమ్ముప్పావు గంటలు.

అసలు అయిదు దాటాక ఆ గదిలో ఏం పని? దాక్కుని ఉంటుంది. కొత్త పిల్లలు దాక్కుంటారు, ఎంతమందిని చూడలేదు. పిలిచినప్పుడు కావాలనే పలక్కుండా కూర్చుని ఉంటుంది. ఇక రేడియో మాట తడబడి ఉంటుంది. దాని చెయ్యి ఇరవై మూడో మంచం కమ్మీ మీదే ఉంది. నేను కళ్లారా చూశాను.

పై వాక్యం ఎందుకు రాశానో తెలియదు. కొట్టెయ్యను.

జూలై 15, సోమవారం

ప్రిన్సిపాల్ గదిలో నేను, ఆమె, పిచ్చుక. పిల్ల కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు ఆనలేదు.

"భయపడకు. ఏం జరిగిందో చెప్పు" అంది ప్రిన్సిపాల్.

"నేనే దాక్కున్నానండి."

"మేడం పిలిచినప్పుడు వినపడలేదా?"

"వినపడింది. పలకలేదు."

"ఎందుకు?"

పిల్ల నా వైపు ఒక్కసారి చూసి, బల్ల మీదున్న పేపర్ వెయిట్ వైపు తిరిగింది. "ఊరికే" అంది. అది ఆ పిల్ల పెదవుల మీద చదవగలిగాను.

ప్రిన్సిపాల్ నాకేసి తిరిగి నెమ్మదిగా, విడివిడిగా మాట్లాడింది. "హాజరుకు రాకుండా దాక్కున్న పిల్లను ఇంటికి పంపెయ్యాలని నియమం ఉంది. మీరు పెట్టిన నియమమే మేడం. వాళ్ల నాన్నకు కబురు పెట్టాను. గురువారం మధ్యాహ్నం వస్తారు."

తర్వాత పిల్లను అడిగింది. "మీ ఇల్లు ఎక్కడమ్మా?"

"వంతెన దగ్గర."

"వంతెన అయిపోతే?"

"ఇంకో వంతెన దగ్గర."

"అక్కడ బడి ఉందా?"

పిల్ల భుజాలెగరేసింది.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

జూలై 16, మంగళవారం

గోడ గడియారం దింపి కుడి చెవికి ఆనించాను. చీమ నడిచినట్టుంది. ఎడమ చెవికి ఆనించాను. గడియారం ఆగిపోయిందనుకున్నాను. తీసి చూస్తే ముల్లు తిరుగుతూనే ఉంది.

గంట తాత చేతుల్లో బలం తగ్గలేదు.

జూలై 17, బుధవారం

పెరటి వరండాలో ఉతికిన దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. వరసగా నలభై తెల్లని గోడలు, గాలికి ఊపిరి తీస్తూ. వాటి మధ్య పిచ్చుక కూర్చుని పెట్టెలో సర్దుకోవాల్సినవి కాగితం మీద రాసుకుంటోంది. నేను దానికి ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను. నా మోకాళ్లు ఒప్పుకోలేదు, అయినా కూర్చున్నాను.

"నువ్వు దాక్కోలేదు" అన్నాను.

అది రాసుకుంటూనే ఉంది.

"దుప్పటి చూస్తూ కూర్చున్నావు. నేను లోపల ఎవరైనా ఉన్నారా అన్నాను. నువ్వేమన్నావు?"

అది చాలాసేపు పెన్సిలు చెక్కింది. చెక్కిన పొట్టు ఒళ్లో పోగుచేసుకుంది. తర్వాత ముఖమెత్తి, నాకు కనపడేట్టు, పెదవులు బాగా కదిలిస్తూ చెప్పింది.

"ఉన్నాను అన్నాను."

ఈ బడిలో ఎవ్వరూ అనకూడని మాట. నేనే నిషేధించిన మాట.

"ఎన్నిసార్లు?"

"మూడు. నా గొంతు చిన్నదిగా మేడం. మీ తప్పు కాదు."

"మరి ప్రిన్సిపాల్ దగ్గర అబద్ధం ఎందుకు చెప్పావు?"

"రేడియో అక్క చెప్పింది. మీకు వినపడదని పెద్దవాళ్లకి తెలిస్తే మిమ్మల్ని పంపించేస్తారంట. అందుకే నిరుడు అక్కావాళ్లందరూ చేతులు పెట్టడం మొదలుపెట్టారంట. కమ్మీ మీద చెయ్యి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు." కాస్త ఆగి అంది. "మొన్న రేడియో అక్కకి కాలు నొప్పిగా ఉండి ఆ కమ్మీ పట్టుకుని నిలబడింది. మరిచిపోయింది. పాపం చాలా ఏడ్చింది."

దుప్పటి ఒకటి గాలికి లేచి మా ఇద్దరి మధ్యకు వచ్చింది. అది మళ్లీ కిందికి దిగేదాకా ఒకరికొకరం కనపడలేదు. ఆ కాసేపూ పిల్ల ఇంకేమైనా చెప్పిందేమో నాకు తెలియదు. దుప్పటి తొలిగాక అడగబోయి, సిగ్గుపడి మానేశాను. తర్వాత అడిగాను.

"ఇందాక ఏమైనా అన్నావా?"

"ఆఁ. మీకూ పెట్టె ఉందా అని అడిగా."

"లేదు. ఉండేది. అందులో మా నాన్న చేతిరుమాలు ఉండేది."

"తీసుకునేవాళ్లా?"

"చూసి పెట్టేసేదాన్ని."

అది అంతా అర్థమైనట్టు తలూపి, తన జాబితాలో ఏదో కొట్టేసింది.

లేని మనిషి తాను లేనని చెప్పదు. నలభై ఏళ్ల కిందట ఎంత తెలివిగా కనిపెట్టాను. నా ఎడమ చెవి కూడా ఎన్నడూ లేనని చెప్పలేదు. పక్కవాళ్లు చెప్పారు, రోజూ, నలభై చేతులతో, నా మనసు నొవ్వకుండా. నేను దాన్ని సినిమా అలవాటు అన్నాను. ఆ రోజు చెల్లెలు అడిగింది చెయ్యి గురించి కాదు.

జూలై 18, గురువారం

తండ్రి రాకముందే పూర్తి కావాలని పదింటికే వెళ్లాను. రెండు కాగితాలు ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాను. ఒకటి రిజిస్టరులోని శనివారం పేజీ నకలు. ఇరవై మూడు ఎదుట "ఉంది" కొట్టేసి "లేదు" అని రాసి కింద నా సంతకం. రెండోది వైద్య పరీక్ష కాగితం. డాక్టరు దగ్గరికి వెళ్లకుండానే ఒక గడి నింపాను. ఎడమ చెవి: లేదు. కుడి చెవి: ఉంది, కొంచెం.

ఆమె చదివి తల ఎత్తలేదు.

"రేడియో లేదని చెప్పింది. నేను మంచం పక్కన ఎవరున్నారో చూడకుండా, దాని చెయ్యి చూసి ఉందని రాశాను" అన్నాను. "పిచ్చుక లోపల ఉన్నానని మూడుసార్లు చెప్పింది. నేను తాళం వేశాను. దాక్కున్న పిల్ల కాదు. దాక్కున్నది నేను."

"నాకు తెలుసు మేడం."

"పిచ్చుక సంగతా?"

"మీ సంగతి." ఇప్పుడు తల ఎత్తి, నాకు కనపడేట్టు చెప్పింది. "రెండేళ్లుగా తెలుసు. మీరే చెబుతారని చూశాను. చివరికి ఆ గడి కూడా పెట్టించాను. చెప్పలేకపోయాను."

"పక్క తడిపినప్పుడు కూడా చెప్పేదానివి కాదు" అన్నాను. "పరుపు తిరగేసి పడుకునేదానివి."

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల గదిలో ఉన్న రెండుమ్ముప్పావు గంటల్లో ఆమె మౌనానికీ వాటా ఉందని చెప్పాను. ఒప్పుకుంది. ఒప్పుకోవడం నా దగ్గరే నేర్చుకుందనుకుంటాను. లేదా ఇద్దరం ఈరోజే నేర్చుకున్నామేమో.

తండ్రి మధ్యాహ్నం వచ్చాడు. బూట్లకు సిమెంటు, చేతిలో టోపీ. అతనికి జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను. అతను ఏదో అన్నాడు. పెద్ద మీసం, పెదవులు కనపడలేదు. పిచ్చుకను అడిగాను.

"మా నాన్న, మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లకి అందరికీ అంతే అంటున్నాడు. మా మామయ్యక్కూడా వినపడదంట. పక్కన నిలబడి భుజం తట్టాలంట."

"నేను మిషన్ల దగ్గర పనిచెయ్యలేదని చెప్పు."

అది చెప్పింది. అతను హాలు కేసి, కేకలేసుకుంటూ పరుగెడుతున్న పిల్లల కేసి చూసి, మళ్లీ ఏదో అన్నాడు. పిచ్చుక పకపకా నవ్వింది గానీ ఏమన్నాడో చెప్పలేదు. తెలిసింది లెండి.

పిల్లను తీసుకెళ్లలేదు.

జూలై 26, శుక్రవారం

చెవుల డాక్టరు చిన్న కుర్రది. నా కుడి చెవిలోకి దీపం వేసి చూసి, అయిదేళ్ల కిందట రావలసింది అంది. అయిదేళ్ల కిందట నువ్వు ఏ బడిలో ఉన్నావో అని అడిగాను. కుడి చెవికి మిషను పెడతారట, మూడు వారాలు పడుతుంది. ఎడమ చెవికి లాభం లేదట. ఆ మాట వినగానే ఎడమ చెవి మీద జాలి వేసింది. పాపం, చెప్పా పెట్టకుండా వెళ్లిపోయింది.

పొడిగింపు వద్దని రాసి ఇచ్చాను. వాళ్లు వద్దనకముందే నేను వద్దనడంలో కొంత తృప్తి ఉంది, కాదనను. ఆటల టీచరు వార్డెన్ అవుతుంది. ఆమెకు పని చూపించడానికి పదవి లేకుండానే ఈ అర్ధసంవత్సరం అయ్యేదాకా ఉంటాను. ఆ తర్వాతి సంగతి నేను నిర్ణయిస్తాను. చెల్లెలికి ఉత్తరం రాశాను: ముందు గది వద్దు, పెరటి వైపు గది ఉంటే, దానికి విడిగా తాళం ఉంటే, ఒక నెల వచ్చి చూస్తాను, చెవి బాగాలేదు, చెయ్యి బాగానే ఉంది.

ఆ రెండు పేజీలు ప్రిన్సిపాల్‌కు ఇచ్చాను. గంటలూ నియమాలూ అన్నీ ఉంచాను. చివర ఒక వాక్యం కలిపాను: "ఇచ్చట మీ అమ్మాయి గురించి పక్క మంచం అమ్మాయి జవాబు చెప్పును, పక్క మంచం గురించి మీ అమ్మాయి చెప్పవలెను." తల్లిదండ్రులకు ఇది అర్థం కాదేమో అంది ఆమె. పిల్లలకు అవుతుంది అన్నాను.

ఆగస్టు 2, శుక్రవారం

చిన్న గది కొత్త వార్డెన్‌కు ఇచ్చేశాను. నా సామాను అతిథుల గదిలోకి మార్పించమని చెప్పి, వంటావిడతో మాట్లాడి వచ్చేసరికి నా మంచం హాల్లో ఉంది. నలభయ్యో మంచం పక్కన, గోడవార. దుప్పటి నాలుగు మూలలూ కలిసేట్టు మడిచి ఉంది. కమ్మీకి ఒక గుడ్డముక్క కట్టి ఉంది, దాని మీద ఎర్రదారంతో 41. కుట్టు వంకరగా ఉంది.

"ఇది ఎవరి పని?"

నలభై మందీ పైకప్పు కేసి చూశారు.

"అతిథుల గదిలో వాన కారుతోంది మేడం" అంది రేడియో, నా ఎదురుగా నిలబడి.

"వాన లేదుగా."

"వస్తే కారుతుంది."

ఆమాత్రం చాలనుకుని ఊరుకున్నాను. మంచం కింద ఒక ఖాళీ ట్రంకుపెట్టె కూడా ఉంది. ఎక్కడ సంపాదించారో అడగలేదు.

ఏడింటికి హాజరు. ఆటల టీచరు నా రిజిస్టరు పట్టుకుని నా చోట నిలబడింది. నేను నా మంచం పక్కన నిలబడ్డాను. డెబ్బై ఒక్క ఏళ్లు దాటాక మంచం పక్కన నిటారుగా నిలబడటం ఎలాగో కాళ్లకు గుర్తుంది. రెండు, మూడు, నాలుగు. చేతులు ఒక్కొక్కటే కమ్మీల మీద వాలుతూ వస్తున్నాయి, దూరం నుంచి నీటి అల వచ్చినట్టు. ఇరవై మూడు అనగానే రేడియో రెండు చేతులూ వేసింది. కిటికీల్లో వెలుగు పలచబడుతోంది. తొమ్మిదో మంచం మీద నీడ ఉందో లేదో ఇక్కడినుంచి కనపడలేదు.

నలభై అయింది. ఆటల టీచరు కాస్త తడబడి, ఒక వేలితో గాలిలో అంకె గీసి చూపించి, పిలిచింది. నలభై ఒకటి.

నా పక్క నలభయ్యో మంచం పిల్ల, పదకొండేళ్లది, పళ్ల మధ్య సందు ఉన్నది, నా వైపు తిరిగింది. నన్ను తలనుంచి కాళ్ల దాకా చూసింది, నిజంగా ఉన్నానో లేదో సరిచూసుకుంటున్నట్టు. నా మంచం కమ్మీ మీద చెయ్యి వేసింది. ఆ హాల్లో ఇన్నేళ్లూ ఎవరి గురించైనా "ఉంది" అన్న ఒక్క మాటే విన్నాను. ఆ పిల్ల పెదవులు ఆ మాట దగ్గర ఆగలేదు. ఇంకాస్త దూరం వెళ్లాయి.

"ఉన్నారు."

ఆటల టీచరు రిజిస్టరులో గుర్తు పెట్టి నా వైపు చూసింది. హాలంతా చూసింది. ఏం కావాలో ఒక క్షణం తోచలేదు. అప్పుడు అర్థమైంది. "ఒకటి" పిలిచేసింది. చుట్టు పూర్తి చెయ్యవలసింది ఇక నలభై కాదు.

ఒకటో మంచం హాలుకు ఆ చివర ఉంది. కళ్లద్దాలు సరిచేసుకుని చూశాను. సన్నగా, పొడుగ్గా, జడ సగం ఊడిన పిల్ల, ఒంటి కాలి మీద నిలబడి ఈ చివరికి చూస్తోంది.

"ఉంది" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. నలభై మందీ చెవులు మూసుకుని నవ్వారు.